లవంగ నూనెకు ఉన్నది, నారింజ నూనెకు లేనిది

ఈ నెల ప్రశ్నలన్నీ ఎసెన్షియల్ ఆయిల్స్, అంటే మొక్కల నుంచి తీసే సుగంధ తైలాల చుట్టూనే తిరిగాయి. సీసా మీద ‘యాంటీ ఆక్సిడెంట్’ అన్న మాట ఉంటే దాన్ని ఎంతవరకు నమ్మాలని పచ్చళ్లు పెట్టేవాళ్లూ, సబ్బులు చేసేవాళ్లూ, పరిశోధన విద్యార్థులూ అడిగారు. ఒకే విషయం అడిగిన ఉత్తరాలను కలిపి జవాబిస్తున్నాం.

దుకాణంలో లవంగం, నిమ్మగడ్డి, నీలగిరి, నారింజ, ఏ నూనె సీసా చూసినా ‘యాంటీ ఆక్సిడెంట్ గుణాలు కలది’ అనే రాసి ఉంటోంది. నిజంగా అన్నింటికీ ఆ గుణం ఉంటుందా?
— పాఠకురాలు, తెనాలి

ఉండదు. కొన్నింటికి బలంగా ఉంటుంది, చాలావాటికి నామమాత్రం. కొన్నయితే గాలి తగిలితే తామే ముందు చెడిపోతాయి.

నూనె కనరు వాసన ఎలా వస్తుందో తెలిస్తే ఈ తేడా తెలిసిపోతుంది. వేడికో వెలుతురుకో, తుప్పు ముక్కలోని ఇనుముకో నూనెలోని ఒక అణువు తన హైడ్రోజన్‌ను పోగొట్టుకుంటుంది. అలా మిగిలిన ఫ్రీ రాడికల్ గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకుని పెరాక్సీ రాడికల్‌గా మారి, పక్క అణువు దగ్గర హైడ్రోజన్ లాక్కుంటుంది. జేబు పోయినవాడు పక్కవాడి జేబు కొట్టినట్టు ఇదొక గొలుసుగా సాగిపోతుంది. ఈ గొలుసును తెంపేదే యాంటీ ఆక్సిడెంట్. తెంపాలంటే హైడ్రోజన్‌ను తేలిగ్గా ఇచ్చేసి, ఇచ్చాక తాను ఎవరి మీదా పడకుండా ఊరుకునే అణువు కావాలి. బెంజీన్ వలయానికి అతుక్కున్న ‘ఓహెచ్’ గుంపు, అంటే ఫినాల్, ఈ పని చేస్తుంది. హైడ్రోజన్ పోయాక మిగిలే ఒంటరి ఎలక్ట్రాన్ వలయమంతా పరుచుకుంటుంది కాబట్టి దాని దూకుడు తగ్గిపోతుంది.

కాబట్టి సీసా మీద బొమ్మ ఏ మొక్కదన్నది కాదు, లోపల ఫినాల్ ఉందా లేదా అన్నది చూడాలి. లవంగ మొగ్గ నూనెలో యూజెనాల్ 70 నుంచి 90 శాతం దాకా ఉంటుంది. దాల్చినచెక్క ఆకు నూనెలోనూ ముఖ్యమైనది యూజెనాలే. బెరడు నూనెలో మాత్రం సిన్నమాల్డిహైడ్ ఎక్కువ, అది ఫినాల్ కాదు. ఒకే చెట్టు, రెండు నూనెలు, రెండు స్వభావాలు. వాము నూనెలో థైమాల్ సగం వరకూ ఉండొచ్చు. తులసిలో యూజెనాల్ రకాన్నిబట్టి మారిపోతుంది. కొన్ని రకాల్లో దాని స్థానాన్ని మిథైల్ యూజెనాల్ ఆక్రమిస్తుంది. పేరు దగ్గరగానే ఉన్నా మిథైల్ గుంపు ఆ ‘ఓహెచ్’ను కప్పేయడం వల్ల మిథైల్ యూజెనాల్‌కు ఈ పని చేతకాదు.

ఇక రెండో వరుస. నీలగిరి తైలంలో ఉండేది సినియోల్, అది ఈథర్. నిమ్మగడ్డిలో సిట్రాల్, అది ఆల్డిహైడ్. నారింజ తొక్క నూనెలో 90 శాతానికి పైగా లిమోనీన్, అది వట్టి హైడ్రోకార్బన్. వీటిలో ఏదీ ఫినాల్ కాదు.

ఒక్క మినహాయింపు ఉంది. వాము నూనెలో థైమాల్‌తోపాటు ఉండే గామా టెర్పినీన్ ఫినాల్ కాకపోయినా గొలుసును తెంపగలదు. అది ఆక్సిజన్‌తో కలిసి పారా సైమీన్‌గా మారేటప్పుడు హైడ్రోపెరాక్సీ రాడికల్ అనే చిన్న కణాన్ని వదులుతుంది, ఆ కణం వెళ్లి పెరాక్సీ రాడికల్‌ను ఆపేస్తుంది. అయితే ఇందులో టెర్పినీన్ ఖర్చయిపోతుంది. పాత వాము నూనెను జీసీ (గ్యాస్ క్రోమటోగ్రఫీ, నూనెలో ఏది ఎంతుందో విడదీసి చూపేది) పరీక్షకు పంపితే టెర్పినీన్ తగ్గి, సైమీన్ పెరిగి కనిపించేది అందుకే.

పసుపు నూనె, కరివేపాకు నూనె కొంటే కర్క్యుమిన్ లాంటివన్నీ గాఢంగా దొరుకుతాయి కదా?
— ఆయుర్వేద దుకాణం యజమాని, వరంగల్

దొరకవు. ఆవిరితో బట్టీ పట్టినప్పుడు ఆవిరితో లేచి రాగలిగినవే సీసాలోకి చేరతాయి. కర్క్యుమిన్ బరువైన అణువు, అది దుంప పిప్పిలోనే ఉండిపోతుంది. పసుపు నూనెలో ఉండేవి టర్మరోన్లు. అందుకే అది లేత పసుపు రంగులో ఉంటుంది. ముదురు నారింజ రంగులో చిక్కగా ఉన్నదాన్ని ‘పసుపు ఎసెన్షియల్ ఆయిల్’ అని అమ్ముతుంటే అది ద్రావకంతో తీసిన ఒలియోరెసిన్ అయినా అయ్యుండాలి, రంగు కలిపిందైనా అయ్యుండాలి. కరివేపాకులో యాంటీ ఆక్సిడెంట్ గుణానికి పేరుపడ్డ కార్బజోల్ ఆల్కలాయిడ్లూ ఆకులోనే ఉండిపోతాయి. విదేశీ రోజ్‌మేరీదీ ఇదే కథ. ఆహార పరిశ్రమ నూనెలు చెడకుండా వాడేది ఆకు నుంచి ద్రావకంతో తీసి వాసన పోగొట్టిన సారాన్ని, అందులో కార్నోసిక్ యాసిడ్ ఉంటుంది. రోజ్‌మేరీ ఎసెన్షియల్ ఆయిల్‌లో అది రాదు, వచ్చేవి సినియోల్, కర్పూరం, పైనీన్.

జంతికలు, చేగోడీలు చేసి షాపులకు వేస్తాం. మూడు వారాలకే ముక్కిపోయిన వాసన వస్తోంది. వేపుడు నూనెలో లవంగ నూనె గానీ వాము నూనె గానీ కలిపితే నిల్వ పెరుగుతుందా? ఆవకాయలో కలపొచ్చా?
— స్వయం సహాయక బృందం, రాజమహేంద్రవరం

మూకుడులో కలిపితే దండగ. యూజెనాల్ 254 డిగ్రీల దగ్గర, థైమాల్ 232 డిగ్రీల దగ్గర మరుగుతాయి, వేపుడు నూనె వేడి 170–190 డిగ్రీలే కదా అనిపించవచ్చు. కానీ పిండిలోని తేమ ఆవిరై బుడగలుగా పైకి వస్తూ ఈ నూనెల్ని తనతో మోసుకుపోతుంది. నిమ్మగడ్డి బట్టీలో జరిగేదీ ఇదే. మీ మూకుడే బట్టీ అవుతుంది, సరుకు మాత్రం పొయ్యి మీది గాలిలోకి పోతుంది. నాలుగు వాయిలు తీసేసరికి మిగిలేది వంటింట్లో వాసనే.

చల్లారాక కలిపే మార్గం ఉంది గానీ లెక్క చూడండి. బీహెచ్‌టీ, బీహెచ్‌ఏ, టీబీహెచ్‌క్యూ లాంటి కృత్రిమ యాంటీ ఆక్సిడెంట్లను కొవ్వులో వాడేది మహా అయితే 200 పీపీఎం, అంటే కిలో నూనెకు 0.2 గ్రాములు. లవంగ నూనెను అంతే కలిపినా కిలోకు నాలుగైదు చుక్కలు పడతాయి. ఆ నాలుగు చుక్కలకే జంతికలు పంటి డాక్టరు గదిలా వాసన కొడతాయి. పైగా బీహెచ్‌టీకి వాసన దాదాపు లేదు. యూజెనాల్‌కు ఆ సుగుణం లేదు. ప్రయోగాల్లో లవంగ నూనె చక్కగా పనిచేసినా తినుబండారాల్లో దాన్ని ఎవరూ నమ్ముకోకపోవడానికి కారణం రుచే.

మీ సరుకు మూడు వారాలకే చెడుతోందంటే ముందు చూడాల్సినవి వేరే ఉన్నాయి. వేపుడుకు వాడి మిగిలిన పాత నూనెలో కొత్త నూనె కలుపుతున్నారేమో చూడండి. పాతదాంట్లో అప్పటికే పుట్టిన పెరాక్సైడ్లు కొత్తదాన్ని తొందరగా చెడగొడతాయి. ఇనుప మూకుడు మానేసి స్టీలుది పెట్టండి. జంతికలు పూర్తిగా చల్లారి, నూనె ఓడ్చుకున్నాకే కట్టండి. పారదర్శకమైన పల్చని కవరు బదులు లోపల అల్యూమినియం పూత ఉన్న కవరు వాడండి, వెలుతురూ గాలీ రెండూ తగ్గుతాయి. నైట్రోజన్ నింపి సీలు చేసే యంత్రం బృందాల ఉమ్మడి కేంద్రంలో దొరికితే లవంగ నూనెకన్నా అదే ఎక్కువ మేలు చేస్తుంది. పిండిలో వేసే వాము గింజలు వేయండి, రుచికి. నిల్వకు వాటి మీద ఆశ పెట్టుకోవద్దు.

ఆవకాయకు వస్తే, పప్పునూనె పోసి పెట్టినవాళ్లకు ఈ సమస్య తక్కువే. నువ్వుల నూనెలో సెసమోలిన్, సెసమిన్ అనే లిగ్నాన్లు ఉంటాయి, సెసమోలిన్ నుంచి సెసమాల్ అనే గట్టి ఫినాల్ పుడుతుంది. గానుగ నూనె వేరే ఏ చుక్కలూ కలపకుండానే నిలవడానికి అది పెద్ద కారణం. అదే పచ్చడిని రిఫైన్డ్ పొద్దుతిరుగుడు నూనెతో పెడితే, ఆ నూనెలోని లినోలిక్ యాసిడ్ గాలికి తొందరగా లొంగిపోతుంది. లవంగ నూనె కలిపే బదులు నూనెనే మార్చండి.

నెయ్యి కాచేటప్పుడు తమలపాకు వేసే అలవాటు గురించి మరో రెండు ఉత్తరాలు వచ్చాయి. అందులో పస ఉంది. తమలపాకులో హైడ్రాక్సీచావికాల్, చావిబెటాల్ అనే ఫినాల్స్ ఉంటాయి. కానీ వెన్న కాగడం మొదలవగానే ఆకు వేస్తే మజ్జిగ నీరు మరుగుతున్నంతసేపూ తేలికపాటివన్నీ ఆవిరితో పోతాయి. నురగ తగ్గి, అడుగున గసి బంగారు రంగుకు తిరిగినప్పుడు కిలో వెన్నకు రెండు ఆకులు, తడి లేకుండా తుడిచి, తుంచి వేసి పొయ్యి కట్టేయండి. చిటపట ఆగాక వడగట్టండి.

నిమ్మగడ్డి నూనె మీద డీపీపీహెచ్ పరీక్ష (ఊదారంగు ఫ్రీ రాడికల్ ద్రావణం రంగును నూనె ఎంత తగ్గిస్తుందో చూసేది) చేస్తున్నాను. ఐసీ50 (50 శాతం నిరోధానికి కావలసిన గాఢత) ఒక రోజు 400 మైక్రోగ్రాములు, ఇంకో రోజు 2,000 పైన వస్తోంది. ఒక్కోసారి నిరోధం మైనస్‌లోకి పోతోంది. ఎక్కడ తప్పుతోంది?
— ఎమ్మెస్సీ విద్యార్థిని, తిరుపతి

తప్పులు కలగలిసి ఉంటాయి, ఒక్కొక్కటే విడదీద్దాం.

ముందు డీపీపీహెచ్ ద్రావణం. 2.4 మిల్లీగ్రాములు 100 మిల్లీలీటర్ల మిథనాల్‌లో కరిగిస్తే 0.06 మిల్లీమోలార్ వస్తుంది, 517 నానోమీటర్ల దగ్గర శోషణ (వెలుతురును ఎంత పీల్చుకుందన్న కొలత) 0.65 చుట్టుపక్కల ఉండాలి. 0.5 కన్నా తక్కువ చూపిస్తే పొడి సరిగా కరగలేదు, లేదా ద్రావణం పాతది. ఏ రోజుకారోజు చేసుకోండి, ఫ్లాస్కుకు అల్యూమినియం రేకు చుట్టండి. 3.9 మిల్లీలీటర్ల ద్రావణానికి 0.1 మిల్లీలీటర్ నమూనా కలిపి, చీకట్లో 30 నిమిషాలు ఉంచి చదవండి. నిరోధ శాతం అంటే కంట్రోల్ (నూనె కలపని గొట్టం) శోషణలోంచి నమూనా శోషణ తీసేసి, కంట్రోల్‌తో భాగించి, వందతో గుణించడం.

ఇక్కడే మొదటి గొయ్యి. 0.1 మిల్లీలీటర్ వెళ్లి 4 మిల్లీలీటర్లలో కలిసింది కాబట్టి నమూనా 40 రెట్లు పలచనైంది. గొట్టంలో కలపకముందు గాఢతతో లెక్కించిన ఐసీ50కి, క్యూవెట్ (యంత్రంలో పెట్టే చిన్న పాత్ర)లోని చివరి గాఢతతో లెక్కించినదానికి మధ్య 40 రెట్ల తేడా వస్తుంది. అచ్చయిన పేపర్లలో కూడా చాలాసార్లు ఏ గాఢతో రాయరు, అందుకే వాటితో మీ అంకెను పోల్చడానికి పోవద్దు. మీ టేబుల్ కింద ‘చివరి గాఢత’ అని రాయండి.

రెండోది, తైలాన్ని పిపెట్‌తో కొలవడం. నారింజ నూనె మిల్లీలీటర్ బరువు 0.84 గ్రాములు, లవంగ నూనెది 1.05. మైక్రోలీటర్లలో కొలిచి మిల్లీగ్రాములని రాస్తే ఈ రెండు నూనెల పోలికలో పాతిక శాతం దాకా తేడా అక్కడే వచ్చేస్తుంది. తూచి మిథనాల్‌లో కరిగించండి.

మైనస్ అంకెలకు కారణం దాదాపు ఎప్పుడూ మసకే. మిథనాల్‌లో కాస్త నీరున్నా, గాఢత ఎక్కువైనా నూనె సన్నని బిందువులుగా విడిపోతుంది. పాలలా మారిన క్యూవెట్ గుండా వెలుతురు తక్కువగా వెళ్తుంది, యంత్రం దాన్ని శోషణగా లెక్కపెడుతుంది. ప్రతి గాఢతకూ డీపీపీహెచ్ లేకుండా నూనె, మిథనాల్ మాత్రమే ఉన్న బ్లాంక్ పెట్టి ఆ అంకె తీసేయండి. కంటికి మసక కనిపించిన గొట్టాన్ని గ్రాఫ్‌లో వేయొద్దు. గాఢమైన తైలం తగిలితే పాలీస్టైరీన్ ప్లేట్లు, క్యూవెట్లు కూడా మసకబారతాయి, గాజువి వాడండి.

రోజుకో అంకె రావడానికి మరో కారణం నూనె వయసు. మూత తీసిన సీసాలో సిట్రాల్ రోజురోజుకూ మారిపోతుంటుంది. పెద్ద సీసా వచ్చిన రోజే 2 మిల్లీలీటర్ల గాజు వయల్స్‌లో నిండా పోసి ఫ్రిజ్‌లో పెట్టి, ప్రయోగానికొకటి తెరవండి. అదే బ్యాచ్‌కు జీసీ-ఎంఎస్ చేయించకుండా థీసిస్ రాయొద్దు, పరీక్షకుడు అడిగే మొదటి ప్రశ్న అదే.

30 నిమిషాలన్నది దేవుడిచ్చిన సంఖ్య కాదు. ఆస్కార్బిక్ యాసిడ్ నిమిషంలోపే పని ముగిస్తుంది, యూజెనాల్ మెల్లగా నడుస్తుంది. 5, 15, 30, 60 నిమిషాలకు చదివి, శోషణ ఎక్కడ నిలకడకొస్తుందో చూసి ఆ సమయం తీసుకోండి. అయిదు గాఢతలు, ఒక్కోదానికి మూడు గొట్టాలు, 20 నుంచి 80 శాతం నిరోధం మధ్య పడిన బిందువులతోనే గీత గీయండి. 2,000 మైక్రోగ్రాముల దగ్గర కూడా 50 శాతం రాకపోతే గీతను పొడిగించి అంకె పుట్టించకండి. ‘పరీక్షించిన గాఢతల్లో 50 శాతం చేరలేదు’ అని రాయండి. నిమ్మగడ్డి నూనెకు అది సహజమైన ఫలితం.

పోనీ ఇంత శ్రద్ధగా చేసినా డీపీపీహెచ్ చెప్పేది మిథనాల్‌లోని ఒక ఊదారంగు పదార్థంతో ఏం జరిగిందన్నదే. ఆహార నూనె గురించి మాట్లాడాలంటే నూనెలోనే పరీక్షించాలి. ఓవెన్ పరీక్ష తేలిక. 50 గ్రాముల పొద్దుతిరుగుడు నూనె చొప్పున బీకర్లలో తీసుకోండి. కొనేముందు లేబుల్ చూడండి, టీబీహెచ్‌క్యూ, అంటే ‘319’ కలిపి ఉంటే మీ కంట్రోల్ ముందే పాడైనట్టు. ఒక బీకర్‌లో ఏమీ లేకుండా, ఒకదానిలో 200 పీపీఎం బీహెచ్‌టీ, మిగతావాటిలో మీ తైలం 200, 500, 1,000 పీపీఎం. 60 డిగ్రీల ఓవెన్‌లో పెట్టి మూడు రోజులకోసారి పెరాక్సైడ్ విలువ (నూనె ఎంత చెడిందో చెప్పే అంకె) తీయండి. 5 గ్రాముల నూనెకు 3:2 పాళ్లలో అసిటిక్ యాసిడ్, క్లోరోఫామ్ మిశ్రమం 30 మిల్లీలీటర్లు, సంతృప్త పొటాషియం అయొడైడ్ 0.5 మిల్లీలీటర్. కచ్చితంగా ఒక నిమిషం తిప్పి, 30 మిల్లీలీటర్ల నీరు పోసి, 0.01 నార్మల్ సోడియం థయోసల్ఫేట్‌తో టైట్రేట్ చేయండి. పసుపు లేతగా మారాకే గంజి ద్రావణం వేయండి. ముందే వేస్తే అయొడిన్ గంజికి అతుక్కుని నీలం ఎంతకీ వదలదు. బ్లాంక్ తీసేసిన మిల్లీలీటర్లను నార్మాలిటీతో, వెయ్యితో గుణించి, నూనె బరువుతో భాగిస్తే కిలోకు మిల్లీఈక్వివలెంట్లు వస్తాయి. బీకర్లు తెరిచి ఉంచితే థైమాల్ ఎగిరిపోయి ‘వాము నూనె పనిచేయలేదు’ అనిపిస్తుంది, వాచ్ గ్లాసు కప్పండి.

రోజూ ఉదయం గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల లవంగ నూనె వేసుకుని తాగితే శరీరంలో ఫ్రీ రాడికల్స్ పోతాయని, దాని ‘ఓరాక్’ విలువ పది లక్షల పైనే అని వీడియోల్లో చెబుతున్నారు.
— విశ్రాంత ఉద్యోగి, కర్నూలు

తాగకండి. ఓరాక్ అన్నది గాజు గొట్టంలో కొలిచే అంకె. ఆ అంకెల పట్టికను అమెరికా వ్యవసాయ శాఖ 2012లోనే తమ సైటు నుంచి తీసేసింది. వాటికీ మనిషి ఆరోగ్యానికీ సంబంధం కనిపించలేదని, కంపెనీలు ప్రకటనలకు వాడుకుంటున్నాయని చెప్పింది. యూజెనాల్ కడుపులోకి వెళ్లాక కాలేయం చేసే మొదటి పని దాని ‘ఓహెచ్’ గుంపుకు గ్లూకురోనైడ్‌నో సల్ఫేట్‌నో తగిలించి మూత్రంలో పంపేయడం. గొలుసు తెంపే చెయ్యినే కట్టేస్తుందన్నమాట. చాలా భాగం 24 గంటల్లో బయటికి పోతుంది.

మోతాదు సంగతి: యూజెనాల్‌కు రోజువారీ హద్దు కిలో శరీర బరువుకు 2.5 మిల్లీగ్రాములని అంతర్జాతీయ ఆహార సంకలనాల నిపుణుల కమిటీ పెట్టింది. 60 కిలోల మనిషికి 150 మిల్లీగ్రాములు. ఒక్క చుక్క లవంగ నూనెలో 35–40 మిల్లీగ్రాముల యూజెనాల్ ఉంటుంది, అంటే నాలుగు చుక్కలతో హద్దు నిండిపోయింది. 12 కిలోల పసివాడికి హద్దు 30 మిల్లీగ్రాములే, ఒక్క చుక్కతోనే దాటిపోతుంది. పైగా అది నీళ్లలో కరగదు, అడుగున చేరి చివరి గుక్కలో నాలుకనూ గొంతునూ కాలుస్తుంది. చిన్నపిల్లలు 5–10 మిల్లీలీటర్లు మింగి కాలేయం దెబ్బతిని, ఫిట్స్ వచ్చిన సందర్భాలు వైద్య సాహిత్యంలో ఉన్నాయి. నీలగిరి తైలం, కర్పూరం కూడా పిల్లల్లో ఫిట్స్ తెప్పిస్తాయి. ఎవరైనా మింగితే వాంతి చేయించకండి, సీసా పట్టుకుని ఆసుపత్రికి వెళ్లండి. కూరలో వేసే నాలుగు లవంగాలకు ఈ గొడవేదీ లేదు.

చేతితో సబ్బులు, తలనూనెలు చేస్తాను. నారింజ నూనె ఆర్నెల్లకు టర్పెంటైన్ వాసన వస్తోంది, ఒక కస్టమర్‌కు దద్దుర్లు వచ్చాయి. లవంగ నూనె కలిపితే రెండూ ఆగుతాయా?
— హైదరాబాద్

నారింజ నూనెలోని లిమోనీన్, లావెండర్‌లోని లినలూల్ గాలి తగిలితే హైడ్రోపెరాక్సైడ్లుగా మారతాయి. తాజా లిమోనీన్ కంటే ఈ హైడ్రోపెరాక్సైడ్లే చర్మానికి అలర్జీ తెప్పించేవి. సుగంధ పరిశ్రమ అంతర్జాతీయ సంస్థ ఇఫ్రా ఈ రెండూ ఎక్కువగా ఉన్న నూనెల్లో పెరాక్సైడ్లు లీటరుకు 20 మిల్లీమోల్స్ దాటకూడదని, 0.1 శాతం బీహెచ్‌టీ గానీ ఆల్ఫా టోకోఫెరాల్ గానీ కలపమని చెబుతుంది. డబ్బా తెరిచిన రోజే కిలోకు 1 గ్రాము టోకోఫెరాల్ కలపండి. తయారీలో కలుపుదాంలే అనుకుంటే అప్పటికే ఆలస్యం. పుట్టిన పెరాక్సైడ్‌ను అది వెనక్కి తిప్పలేదు. విటమిన్-ఇ గుళికల్లో ఉండేది ఎక్కువగా టోకోఫెరాల్ అసిటేట్. అందులో ‘ఓహెచ్’ కప్పేసి ఉంటుంది కాబట్టి సీసాలో పనిచేయదు. ‘మిక్స్‌డ్ టోకోఫెరాల్స్’ అని అడిగి కొనండి.

5 లీటర్ల డబ్బాలోంచి రోజూ వంపుకోవడం మానేసి, రంగు గాజు సీసాల్లో మెడ దాకా నింపి ఫ్రిజ్‌లో పెట్టండి. మే నెలలో రేకుల షెడ్‌లో ఉంచిన నారింజ నూనె ఎక్స్‌పైరీ తేదీ దాకా ఆగదు, ముందే చెడిపోతుంది. రబ్బరు బల్బు డ్రాపర్‌ను సీసాకే బిగించి వదిలేయకండి, లిమోనీన్ రబ్బరును మెత్తగా చేసి జిడ్డు తెస్తుంది. టర్పెంటైన్ వాసన వచ్చిన నూనె చర్మానికి తగిలే దేనిలోనూ వద్దు, నేల తుడిచే నీళ్లకూ వద్దు. పారబోయండి.

లవంగ నూనె సంగతి: యూజెనాల్ కూడా అలర్జీ కారకమే. ఒంటికి రాసి వదిలేసే నూనెల్లో 0.5 శాతం దాటకండి, అంటే 100 మిల్లీలీటర్లకు 10 చుక్కలు. కోల్డ్ ప్రాసెస్ సబ్బులో అది ట్రేస్‌ను, అంటే ముద్ద చిక్కబడే దశను పరుగెత్తిస్తుంది. గరిటె తిప్పుతుండగానే ముద్ద బిగిసిపోతుంది, అచ్చులో పోయలేరు. క్షారంతో కలిసి సబ్బును గోధుమ రంగుకు తిప్పుతుంది కూడా. పెట్టాలనుంటే ముద్ద చల్లగా, 35 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు, ఆఖరున, కొంచెం బేస్ నూనెలో కలిపి వేయండి.

మాకు రెండెకరాల నిమ్మగడ్డి, సొంత బట్టీ ఉంది. ‘యాంటీ ఆక్సిడెంట్’ అని లేబుల్ వేస్తే ధర పెరుగుతుందా?
— రైతు, పాడేరు

కొనేవాడు చూసేది సిట్రాల్ శాతం. అది 75 పైన ఉంటే అడుగుతాడు, లేబుల్ మీద మాట చూసి పైసా పెంచడు. మీ చేతిలో ఉన్నది ఆ సిట్రాల్‌ను పోకుండా కాపాడుకోవడమే. కోసిన గడ్డిని నీడలో ఒక పూట వాడనిచ్చి బట్టీకి పెట్టండి, ఎండలో కుప్ప వేయకండి. దిగిన నూనెలో నీటి బొట్లు ఉంటే తొందరగా చెడుతుంది. లీటరుకు 20 గ్రాముల నీరు లేని (అన్‌హైడ్రస్) సోడియం సల్ఫేట్ వేసి కలిపి, రాత్రంతా ఉంచి వడగట్టండి. తుప్పు పట్టిన ఇనుప డ్రమ్ము పనికిరాదు. అల్యూమినియం, స్టీలు డబ్బాల్లో మెడ దాకా నింపండి. పరీక్షకు, మంచి పిలకలకు హైదరాబాద్ బోడుప్పల్‌లో ఔషధ, సుగంధ మొక్కల పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్-సీమాప్ కేంద్రం ఉంది.

కొన్న లవంగ నూనె అసలుదో కాదో ఇంట్లో తెలుసుకోవచ్చా?
— గుంటూరు

కొంతవరకు. గ్లాసు నీళ్లలో చుక్క వేయండి. అసలుది మునుగుతుంది, తేలితే వేరే నూనె కలిసినట్టే. తెల్ల కాగితం మీద చుక్క వేసి రెండు రోజులు వదిలేయండి. పల్లీ నూనె లాంటిది కలిస్తే జిడ్డు మరక మిగిలిపోతుంది. ఆకు నుంచి తీసిన చౌక నూనెను మొగ్గ నూనెగా అమ్మితే మాత్రం ఇవేవీ పట్టుకోలేవు, అదీ మునుగుతుంది, అందులోనూ యూజెనాలే. జీసీ పరీక్షలో యూజెనైల్ అసిటేట్ శాతం చూస్తేనే బయటపడుతుంది.

చలికాలంలో వాము నూనె సీసా అడుగున తెల్లటి పలుకులు చేరాయి. పాడైందా?
— ఆదిలాబాద్

పాడవలేదు. అది థైమాలే, మన పచారీ కొట్లో వాము పువ్వని అమ్మేది. 50 డిగ్రీల దగ్గర కరుగుతుంది కాబట్టి చలికి విడిపోయింది. పైన తేలికగా ఉన్న నూనెనే వంపుకుని వాడితే మీ చేతికొచ్చేది టెర్పినీన్, సైమీన్; అసలు సరుకు అడుగునే ఉండిపోతుంది. మూత బిగించి, సీసాను 55 డిగ్రీల నీళ్ల గిన్నెలో పది నిమిషాలు నిలబెట్టండి. పలుకులన్నీ కరిగాక, తలకిందులుగా నాలుగైదు సార్లు తిప్పి అప్పుడు కొలవండి. గడ్డను చేత్తో తీయకండి, చర్మం మండుతుంది.